నాలుగున్నర నీళ్లు

ఎల్ ఆల్తోలో రాత్రిబడి ఏడింటికి మొదలవుతుంది.
పొద్దుటినుంచి మినీబస్సు తలుపు పట్టుకు వేలాడి
"సేహా, సేహా, ఇద్దరికి చోటుంది" అని అరిచిన గొంతుతోనే
హాజరు పలుకుతాను:
కసీల్దా లీపా, ముప్పైనాలుగేళ్లు.

తికోనా టీచరు పింగాణీ మూసలో మైలుతుత్తం పోసింది.
రెండున్నర గ్రాములు. నెమలి మెడ నలిగి రాలినట్టు.
తాకి చూడమంది. పొడిగానే ఉంది.
"దీని ఒంట్లో నీళ్లున్నాయి. ఎన్నో చెప్పండి."

నాకు మా అవ్వ గుర్తొచ్చింది.
జూన్ మంచులో బంగాళాదుంపలు ఆరుబయట పరిచి
రాత్రంతా గడ్డకట్టనిచ్చి
తెల్లారాక వట్టి కాళ్లతో తొక్కేది.
వేళ్ల సందుల్లోంచి దుంపనీళ్లు కారేవి.
నాలుగు బస్తాలు ఒక బస్తా అయ్యేవి.
చూన్యో: చూపుకి గులకరాయి, చేతికి బెండు, పదేళ్లున్నా చెడదు.
అవ్వకి మోల్ అంటే తెలీదు.
పోయిందెంతో తూచకుండా మాత్రం
ఏ బస్తా మూతీ కుట్టలేదు.

మంట పెట్టాం.
నీలం అంచులనుంచి వెలిసింది. మూత అడుగున చెమట.
చల్లారాక తూచాను: ఒకటి పాయింట్ ఆరు ఐదు.
పోయినదాన్ని పద్దెనిమిదితో, మిగిలినదాన్ని నూట అరవైతో భాగించి
ఒకదాని పక్కన ఒకటి నిలబెడితే
ఒక్కో ఉప్పుకి నాలుగున్నర నీళ్లు, పైన చిల్లర.

పక్క బల్ల మీద వెల్డర్ ఫౌస్తీనో
పుస్తకం చూసి అయిదు వేసేశాడు.
"నువ్వూ వేసెయ్ అక్కా,
బస్సులో ఎంతమందిని సర్దలేదు!"

"అర చుక్క ఉంటుంది. అర అణువు ఉండదు.
మరి నీకెలా వచ్చింది?" అడిగింది టీచరు.
నేను నీళ్లు నమిలాను.
ఆమె గాజుపుల్లతో పొడి కదిపింది.
నడిమధ్యన, ఆవగింజంత, ఇంకా నీలం.

"లెక్క సరిగ్గానే చేశావు. ఓపిక చాల్లేదు. మళ్లీ కాల్చు.
రెండుసార్లు తూచినా బరువు మారనప్పుడు ఆపు."

మూడోసారికి ఒకటి పాయింట్ ఆరు. నాలుగోసారీ అంతే.
అయిదు.
సర్దిన అయిదు కాదు, వచ్చిన అయిదు.

తర్వాతి మంగళవారం వాయువు.
పావు గ్రాముకి పిసరంత తక్కువ మెగ్నీషియం,
ఆమ్లంలో పడగానే బుసకొట్టింది.
రెండువందల ఇరవైనాలుగు మిల్లీలీటర్లు రావాలి, పుస్తకం మాట.
నీళ్లలో బోర్లించిన రెండువందల యాభై కొలజాడీ
నిండింది, ఆగలేదు,
కిందినుంచి బుడగలు బయటపడి పారిపోయాయి.
ఈసారీ నేనే అనుకుని తల వంచుకున్నాను.

టీచరు కిటికీ తెరిచింది.
నాలుగువేల మీటర్ల ఎత్తు గాలి, పల్చగా, చెవులు కోస్తూ.
"ఇరవైరెండు పాయింట్ నాలుగు లీటర్లు ఎక్కడి లెక్క?
సముద్రపుటొడ్డుది. అక్కడ గాలి నెత్తిమీద కూర్చుంటుంది.
ఇక్కడ అదిమేవాళ్లు తక్కువ.
వాయువు కాళ్లు చాపుకుంటుంది."

గదిలో చప్పుడు లేదు.
సముద్రం పోగొట్టుకున్న దేశం మాది.
ఏటా మార్చిలో దానికోసం కవాతు చేస్తాం.
లెక్కలు మాత్రం
ఇన్నాళ్లూ దాని ఒడ్డునే కూర్చుని చేశాం.

పెద్ద జాడీ తెచ్చాం. బారోమీటరు చదివాం.
నీటి ఆవిరి వాటా తీసేశాం.
గది చలికి రెండువందల డెబ్బైమూడు కలిపాం.
జాడీలో మూడువందల ఎనభై చిల్లర.
వెనక్కి లెక్కేస్తే మోలులో నూరో వంతు,
ఒడ్డున ఎంతో ఇక్కడా అంతే.
ఫౌస్తీనో తన పుస్తకంలో ఏదో కొట్టేసి
మార్జిన్లో మా పేట పేరు రాసుకున్నాడు.

పదింటి ఆఖరి ట్రిప్పు.
పద్నాలుగు సీట్లు, ఒళ్లో పిల్లలు, కాళ్లకింద ఉల్లిగడ్డల మూటలు.
ఎంతమందని డ్రైవరు అడిగాడు.
ఒకసారి లెక్కపెట్టాను.
మళ్లీ పెట్టాను.
సంఖ్య మారలేదు.
అప్పుడు చెప్పాను.